బొటనవేలికి శ్రుతిదండం: పామర్రు నుంచి బెజవాడకి ఒక రోజు

జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో మా వైపు ఎవరినడిగినా చెబుతారు. మీసాలు మెలేసే మగాళ్ళు కూడా అమ్మో అంటూ వీధి చివరికి వినపడేలా అరుస్తారు. అలాంటి ముల్లు మా ఆయన ఎడమ పాదంలో విరిగి ఉండిపోతే, ఆయన రెండు రోజులు దాని మీదే నడిచారు. వంటింట్లో తెల్ల టైల్స్ మీద ఎర్రటి మరకలు చూసి నేనే అడిగాను. "ఏం లేదే, ఎక్కడో గీసుకునుంటుంది" అన్నారు. పాదం తిప్పి చూస్తే ముల్లు లోపలే ఉంది, చుట్టూ చీము పట్టింది. ఈయనకి షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. చెరువుల దగ్గర చేపలు కొని, ఐసు పెట్టెల్లో వేసి పంపే వ్యాపారం. పొద్దున లేస్తే తడి నేల మీద ఉత్త కాళ్ళతోనే తిరుగుతారు.

పుండు మానింది. అసలు చిక్కు తర్వాత వచ్చింది. రెండేళ్ళ కిందట నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు, నేను లేచి తిరిగితే భవానీ మాల వేసుకుని, చెప్పుల్లేకుండా పామర్రు నుంచి బెజవాడ కొండదాకా నడిచొస్తానని ఈయన దుర్గమ్మకి మొక్కుకున్నారు. కిందటేడు వానలకి చెరువులు మునిగి కుదరలేదు. ఈసారి ఎవరాపినా ఆగనన్నారు. మా ఊళ్ళో షుగర్ చూసే డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "పాదాలకి స్పర్శ ఉందో లేదో తేలకుండా ఆ తారు రోడ్డు మీద అంత దూరం పంపను. ముల్లు గుచ్చుకుంటేనే తెలియని మనిషికి బొబ్బలెక్కితే తెలుస్తుందా?" అంది. తేల్చాలంటే శ్రుతిదండం కావాలి. ఆవిడ దగ్గరున్నది కిందపడి, కొమ్ముల చివర బరువులు ఊడిపోయాయట.

శ్రుతిదండమంటే మరేం కాదు, కొడితే మోగే రెండు కొమ్ముల లోహపు కడ్డీ. దుకాణాల్లో ట్యూనింగ్ ఫోర్క్ అనాలి. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని, ధ్వని పాఠం వచ్చిన ప్రతిసారీ దాన్ని మోగించి చూపిస్తాను. "బళ్ళో ఉన్నది పట్టుకురానా డాక్టరుగారూ?" అని అడిగాను. "మీ బళ్ళో ఉండేది 512. అది చెవి డాక్టర్లకి పనికొస్తుంది. కాలికి 128 కావాలి" అంది. ఆ అంకె, కొమ్ములు సెకనుకి ఎన్నిసార్లు వణుకుతాయో చెప్పేది. పెద్దదైతే కూత సన్నగా, చెవికి తెలిసేలా ఉంటుంది. చిన్నదైతే నిదానంగా వణుకుతుంది, ఆ వణుకు ఎముకకి తెలుస్తుంది. నెట్‌లో ఆర్డరు పెడదామంటే వారం పడుతుందని చూపించింది. ఈయనేమో రెండు రోజుల్లో మాల వేసుకునేలా ఉన్నారు. ఇక లాభం లేదని, ఆదివారం దాకా కూడా ఆగకుండా శనివారమే బడికి సెలవు పెట్టి, ఈయన్ని కూడా వెంటబెట్టుకుని బయల్దేరాను.

నేను బెజవాడ వెళ్తున్నానంటే చాలు, ఊరికి పనులు పుట్టుకొస్తాయి. మా బడి ఇంగ్లీషు మేష్టారు చర్చిలో పాటల బృందాన్ని నడుపుతారు, ఆయనకో సంగీతం ఫోర్క్ కావాలన్నారు. మా ఆడపడుచుకి మోకాళ్ళ నొప్పులు. ఫోన్లో ఏదో వీడియో చూసిందట, "వదినా, నొప్పులు లాగేసే ఫోర్కులుంటాయట, ఒకటి చూడు" అంది. ఒక్క వస్తువు, మూడు రకాలు. ఇదేదో రాస్తే ఇంకొకరికి పనికొస్తుందని ఆ రోజే అనుకున్నాను. రాయడానికి ఓపిక వచ్చేసరికి ఇన్నాళ్ళు పట్టింది.

ఏడుంపావుకి పామర్రు బస్టాండులో బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే నాకు టికెట్ లేదు, ఈయనకి ఉంది. ఉయ్యూరులో కాలేజీ పిల్లలు ఎక్కేసరికి ఊపిరాడలేదు. ఈయన తన సీటు ఒకావిడకిచ్చారు, మంచిదే. ఆవిడ కంకిపాడులో దిగుతూ ఇంకొకరిని కూర్చోబెట్టింది, అప్పుడు కూడా ఈయన నోరు మెదపలేదు. ఇక్కడ మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకి మొహమాటం జాస్తి. ఎదుటివాళ్ళ మొహం మీద 'లేదు', 'వద్దు', 'కాదు' అనే మాటలు ఆయన నోటి వెంట రావు. మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉంది, టీచర్ని కాబట్టి పూర్తిగా రాయను, తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. పెనమలూరు, పోరంకి, కానూరు, పటమట దాటుకుంటూ బెంజ్ సర్కిల్లో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. అప్పటికే నా నడుం పడిపోయింది.

సర్జికల్ దుకాణాలు ఎక్కువగా ఆసుపత్రులుండే గవర్నర్‌పేట, సూర్యారావుపేట వైపు ఉంటాయి. బెంజ్ సర్కిల్ నుంచి ఆటోలో పావుగంట. ఆటో అతను నూట యాభై అడిగాడు. వంద చాలని నేను నోరు తెరిచేలోపే ఈయన "సరే బాబూ" అంటూ ఎక్కి కూర్చున్నారు. దుకాణాలు తొమ్మిదిన్నరకి గానీ తెరవరని ఆ ఆటో అతనే చెప్పాడు.

"సర్జికల్ షాపంటున్నారు, ఎవరికన్నా బాలేదా మేడం?" అని అద్దంలోంచి అడిగాడు.

"బాగుందో లేదో తెలుసుకోడానికే వచ్చాం బాబూ."

"అదే మంచిదండీ. మా నాన్న తెలుసుకోకుండానే పోయాడు" అన్నాడు. దిగేటప్పుడు ఈయన పది రూపాయలు ఎక్కువిచ్చారు.

మొదటి దుకాణంలో ట్యూనింగ్ ఫోర్క్ అనగానే 512 తెచ్చి చేతిలో పెట్టారు. "మెడికల్ స్టూడెంట్సంతా ఇదే తీసుకెళ్తారు మేడం" అన్నారు. 128 కావాలంటే, "ఏదైనా ఒకటే అండీ, కొడితే మోగుద్ది" అన్నారు. ఒకటే ఎలా అవుతుంది నాయనా అనుకుంటూ బయటికొచ్చాను. రెండో చోట 256 ఉంది, అటూ ఇటూ కాకుండా. ఎండ నెత్తికెక్కింది. పేరుకి ఆశ్వయుజం, పెళపెళా కాస్తోంది. మెట్లెక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. వీధి చివర దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆవిడ మాత్రం "షుగర్ కాళ్ళకా అండీ?" అని అడిగి, లోపల్నుంచి రెండు తెప్పించింది. ఒకటి అల్యూమినియం, తేలిక, మూడొందల చిల్లర. ఒకటి స్టీలు, ధర దానికి రెట్టింపు పైమాటే, కానీ ఎక్కువసేపు వణుకుతుంది. 128లో చూడాల్సినవి రెండు. కొమ్ముల చివర బరువులుండాలి, అవి గట్టిగా బిగించి ఉండాలి. కింద గుండ్రటి చదునైన పాదం ఉండాలి, అది లేకపోతే ఎముక మీద నిలవదు. స్టీలుదే తీసుకున్నాను.

కొన్నాక ఆగబుద్ధి కాలేదు. "ఒకసారి చూసుకుంటానండీ" అని అడిగితే, ఆవిడ స్టూలు చూపించింది. ఈయన్ని కూర్చోబెట్టి చెప్పు విప్పించాను. ఫోర్కుని మణికట్టు పక్కన అరచేతి కండకేసి కొట్టి, బొటనవేలి ఎముక మీద ఆనించాను. బల్ల అంచుకేసి కొట్టకూడదు, నొక్కుపడితే దాని శ్రుతి పోతుంది.

"తెలుస్తోందా అండీ?"

"ఆఁ. తెలుస్తోంది."

"నిజంగా?"

"తెలుస్తోందంటే! ఎన్నిసార్లడుగుతావే, ఆవిడ చూస్తోంది" అన్నారు.

నా గుండెల మీంచి పెద్ద బండ దించినట్టయింది. అక్కడే ఏడ్చేసేదాన్నే, దుకాణమని ఆపుకున్నాను. జెల్ల ముల్లు సంగతి ఏదో పరాకులో జరిగి ఉంటుంది, నేనే అనవసరంగా కంగారుపడ్డానని నన్ను నేనే తిట్టుకున్నాను. నడిచొస్తారు, మొక్కు తీరుతుంది. అమ్మవారికి అక్కడే మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

సంగీతం సామాను దుకాణం ఏలూరు రోడ్డులో దొరికింది, నడిచే వెళ్ళాం. అక్కడి పెద్దాయన 440 చూపించి, ముందు ఎవరికని అడిగాడు. "చర్చిలో గిటారు, వయొలిన్ ఉన్నాయంటే ఇది బాగుంటుందమ్మా. మన పాట నేర్చుకునేవాళ్ళకైతే ఇది అమ్మను. మన శ్రుతి ఎవరి గొంతుని బట్టి వాళ్ళది, దానికి శ్రుతిపెట్టె కావాలి" అన్నాడు. సంగీతం ఫోర్కుకి చివర బరువులుండవు. కింద పాదం కూడా ఉండదు, చిన్న గుండు ఉంటుంది. ఖరీదు కూడా తక్కువే. చెవి దగ్గర పెట్టుకుని వింటే సన్నగా, నిలకడగా మోగింది, మేష్టారి కోసం తీసుకున్నాను. ఆ దుకాణంలో ఫ్యాను కింద రెండు నిమిషాలు కూర్చోనిచ్చినందుకు ఆయనకి నేను రుణపడి ఉంటాను.

భోజనానికి పక్క సందులో ఒక మెస్సుకి వెళ్ళాం. అన్నం వేడిగా ఉంది, గోంగూర పచ్చడి బాగుంది, పప్పులో మాత్రం ఉప్పు రెండుసార్లు పడింది. వండిన ఆవిడే వచ్చి, "పప్పెలా ఉందండీ?" అని అడిగింది.

"భలే ఉందమ్మా" అన్నారు ఈయన.

"ఇంకొంచెం వెయ్యమంటారా?"

"వెయ్యమ్మా."

నేను నెత్తి కొట్టుకున్నాను. "ఏవండీ, మీకు బీపీ కూడా ఉంది" అన్నాను. "పాపం, ఆప్యాయంగా అడిగింది. ఉప్పని ఎలా చెప్పేదే?" అన్నారు. ఆ గరిటెడు పప్పూ పూర్తిగా తిన్నారు కూడా.

ఇక మిగిలింది ఆడపడుచు ఫోర్కు. బెంజ్ సర్కిల్‌కి తిరిగొచ్చి, మేడ మీద ఏసీ వేసిన, ఫోర్కుల మోతతో నొప్పులు తగ్గిస్తామనే ఒక ఆరోగ్య కేంద్రం పట్టుకున్నాం. మల్లెల వాసన, మెత్తటి సంగీతం, మాటలు కూడా మెత్తగానే ఉన్నాయి. ముఖమల్ సంచిలో జత ఫోర్కులు, నాలుగు వేల పైనే. ఏ అంకె ఏ రోగానికో రంగురంగుల పటం కూడా ఉంది. అక్కడి అమ్మాయి ఈయన్ని వాలుకుర్చీలో పడుకోబెట్టి, "నొప్పెక్కడుంది సార్?" అని అడిగింది. ఈయనకి నొప్పే లేదు. పాపం అడిగిందని, "ఇక్కడ... కొంచెం" అంటూ మోకాలు చూపించారు. ఆ అమ్మాయి ఫోర్కు మోగించి, ఆయన చెవుల చుట్టూ గాల్లో తిప్పింది.

"తగ్గిందా సార్?"

"చాలా తగ్గిందమ్మా."

లేని నొప్పి తగ్గించిన ఫోర్కుని కొనడానికి జేబులో చెయ్యి కూడా పెట్టారు. నేను చెయ్యి పట్టుకుని లేపాను. ఒక్క మాట చెబుతాను. ఆ మోత హాయిగానే ఉంటుంది, అలసిన మనిషి కళ్ళు మూసుకుని వింటే ప్రాణం కుదుటపడుతుంది. ఆ హాయి కోసం కొనుక్కుంటే తప్పు లేదు. రోగం నయమవుతుందని మాత్రం నాకు నమ్మకం కుదరలేదు. నొప్పి ఉన్నవాళ్ళు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. మా ఆడపడుచుకీ అదే చెప్పాను, రెండు రోజులు మాట్లాడలేదు.

మూడింటికి తిరుగు బస్సు దొరికింది, నిలబడే చోటు మాత్రమే. ఎవరో ఒకాయన పెద్ద రేకు పెట్టె తెచ్చి, మా ఆయన కాళ్ళ దగ్గర కుదేశాడు. కానూరు దాటాక బస్సు కుదిపితే కిందికి చూశాను. ఆ పెట్టె అంచు సరిగ్గా ఈయన ఎడమ పాదం మీదే ఉంది. ఎంతసేపటి నుంచో! "ఏవండీ, పెట్టె తియ్యండి, కాలి మీదుంది" అని అరిచాను. ఆ పెట్టె ఆయన గబుక్కున లాగి, "అయ్యో, చెప్పాలి కదండీ!" అన్నాడు. ఈయన నవ్వి, "ఫర్లేదండీ, ఏం కాలేదు" అన్నారు. మొహమాటానికి కూడా హద్దుండాలని గొణుక్కుంటూ, కిటికీ కడ్డీకి తల ఆనించి పామర్రు దాకా కళ్ళు మూసుకున్నాను. వరిచేలు ఎటు పోయాయో కూడా చూడలేదు.

బస్టాండు నుంచి నేరుగా క్లినిక్‌కే వెళ్ళాం. ఫోర్కు బల్ల మీద పెట్టి, "షాపులోనే చూశానండీ, బాగానే తెలుస్తోంది" అన్నాను, కాస్త గొప్పగానే. డాక్టరమ్మ నవ్వి, "నేనూ ఒకసారి చూస్తా. వెంకటేశ్వరరావుగారూ, పడుకుని కళ్ళు మూసుకోండి" అంది. ఫోర్కు కొట్టి బొటనవేలి మీద పెట్టింది. "తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ."

రెండోసారి కొట్టింది. ఈసారి నా వైపు చూస్తూ, కొమ్ములని రెండు వేళ్ళతో పట్టుకుని మోత ఆపేసింది. ప్రాణం లేని ఆ ఇనుప ముక్కని అదే వేలి మీద ఆనించింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ. బాగా తెలుస్తోంది."

ఉప్పు పప్పు భలే ఉందన్న గొంతూ, లేని నొప్పి తగ్గిందన్న గొంతూ అదే. కాలి మీది రేకు పెట్టె గుర్తొచ్చింది. అప్పుడు మొహమాటపడలేదు, ఆ మనిషికి పెట్టె ఉన్నట్టే తెలియలేదు. ఏవండీ అని పిలవబోయాను, డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. మళ్ళీ ఫోర్కు కొట్టి, ఈసారి మోచేతి ఎముక మీద పెట్టింది.

ఈయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. "అబ్బో! ఇదేంటండీ, జుమ్మంటోంది!"

"అదేనండీ వణుకు. ఇందాకట్నుంచి నేనడుగుతోంది దాని గురించే."

"ఇదా?" అన్నారు. మోచేతి వైపు చూసుకున్నారు, తర్వాత కాళ్ళ వైపు. "ఇదా తెలియడమంటే? నేను... ఏదో నొక్కుతున్నట్టుంటే అదే అనుకున్నానండీ."

"మళ్ళీ కళ్ళు మూసుకోండి. నేనేమీ అనుకోను, మీ ఆవిడా ఏమీ అనుకోదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

ఫోర్కు మోగుతూ బొటనవేలి మీద నిలబడింది. దాని గుయ్యిమనే మోత నాకు ఇంత దూరానికి వినిపిస్తోంది. ఈయన పెదవులు కదిలాయి, ఆగాయి. మొహం చిన్నబోయింది. "లేదండీ" అన్నారు. "తెలీట్లేదు."

పెళ్ళయ్యాక ఈయన నోట ఒకరి మొహం మీద లేదనే మాట వినడం నాకదే మొదటిసారి. ఏడుపూ వచ్చింది, ఆ ఏడుపులోనే ఇంత ధైర్యం కూడా వచ్చింది. రెండో కాలు ఫర్వాలేదు, సగం తెలుస్తోంది. డాక్టరమ్మ మందులు మార్చింది. ఇంట్లో కూడా చెప్పులు తొడుక్కోవాలి, చెరువు దగ్గర బూట్లు వేసుకోవాలి, రోజూ రాత్రి నేను అరికాళ్ళు చూడాలి. చెప్పుల్లేని నడక మాత్రం ఈ జన్మకి లేదంది. ఈయన మంచం మీంచి లేవకుండా, "అమ్మవారికేమని చెప్పేదండీ?" అని అడిగారు.

"నేను చెప్తాలెండి" అన్నాను. "మొక్కింది నా ప్రాణం కోసమేగా, నేనే మాల వేసుకుని నడుస్తాను. మీరు మంచినీళ్ళు పట్టుకుని వెనకాల బండి మీద రండి. వద్దంటారేమో, మీకెలాగూ వద్దనడం రాదు."

"వద్దు" అన్నారు వెంటనే. ముగ్గురం నవ్వాం. అయినా నడిచేది నేనే.

ఇది రాస్తున్నది మాల వేసుకున్నాకే. నాకు మాల వేసిన గురుస్వామి కూడా ఒప్పుకున్నారు, మొక్కు ఇంటిది, కాళ్ళు ఎవరివైతేనేం అన్నారు. బస్సులో కూర్చుంటేనే నడుం పడిపోయిన దాన్ని, ఆ దారంతా నడవగలనా అని లోపల బెదురుగానే ఉంది. కాకపోతే ప్రతి గులకరాయీ నాకు తెలుస్తుంది, ప్రతి బొబ్బా మండుతుంది. నొప్పి తెలియడం కూడా ఒక భాగ్యమేనని ఇంతకుముందు ఎవరన్నా చెబితే నవ్వేదాన్ని. ఇప్పుడు రోజూ రాత్రి ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు చూస్తుంటే, ఈయన "ఏమన్నా ఉందా?" అని నన్నడుగుతారు. తన కాలి సంగతి నన్నడుగుతారు. అలసట అనేది ఆ క్షణంలో తెలుస్తుంది నాకు.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళ కోసం 128 కొనడానికి వెళ్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో మనం చూసుకునేది డాక్టరు పరీక్షకి బదులు కాదు. అయినా చూస్తారు కాబట్టి, ముందు మోచేతి మీద పెట్టి వణుకంటే ఏమిటో తెలియనివ్వండి, తర్వాత కళ్ళు మూయించి కాలి మీద పెట్టండి. తెలుస్తోందా అని మాత్రం అడగకండి, మోత ఎప్పుడాగిందో చెప్పమనండి. తెలుస్తోందా అని అడిగితే మనవాళ్ళు ఔననే అంటారు, అడిగినవాళ్ళ మనసు నొచ్చుకోకూడదని.